అద్దం తలుపు పగిలిన ఇల్లు

ఆ అద్దం తలుపును ఎవరూ తోయలేదు, ఎవరూ కొట్టలేదు. దానంతట అదే పగిలింది.

మదనపల్లెలో ఇల్లు కట్టేటప్పుడు, బాత్‌రూములో షవర్ ఉన్న మూలకు అద్దం తలుపు పెట్టించాలని పట్టుబట్టింది రేవతి. గదంతా నీళ్లు చిందవనీ, అత్తగారు కాలుజారి పడదనీ ఆమె వాదన. పొద్దున్నుంచీ టమోటా మండీలో వేలంపాటల మధ్య గొంతు చించుకుని వచ్చే ఆమె భర్త హరినాథ్‌కు ఇంట్లో వాదించే ఓపిక ఉండదు. సరేనన్నాడు. పుంగనూరు నుంచి ఉమాశంకర్ అనే గాజుపనివాడు వచ్చి బిగించి పోయాడు. అత్తగారు సుభద్రమ్మకు మొదట్లో అది నచ్చలేదు. "సేపల తొట్టిలో నిలబడినట్టుండాది" అంది. తర్వాత అలవాటు పడింది. వేణ్ణీళ్లు మోకాళ్ల మీద ధారగా పడుతుంటే సుఖంగా ఉంటుందని, పిలిస్తే గానీ బయటికొచ్చేది కాదు.

ఆ పొద్దున రేవతి మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. కింద లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. ఆ వెంటనే అత్తగారి కేక. చేతిలో తడిచీర అక్కడే పడేసి మెట్లు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. బాత్‌రూము చెక్క తలుపు గడియ ఊడి వేలాడుతోంది. లోపల నేలంతా పటికబెల్లం పలుకుల్లా గాజుముక్కలు. పైనుంచి నీళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. సుభద్రమ్మ తన మంచం మీద గోడవైపు తిరిగి ముడుచుకుని ఉంది. ఒంటికి హరినాథ్ తువ్వాలు చుట్టి ఉంది. మొహాన సబ్బునురగ అలాగే ఉంది. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు.

హరినాథ్ వాకిట్లో, వీధివైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

"చీర కప్పు పో అమ్మకు" అన్నాడు తిరిగి చూడకుండానే.

అప్పుడు చూసింది రేవతి. అతను నిలబడిన చోట బండ ఎర్రగా ఉంది. చెప్పులు లేని కాళ్లతో ఆ గాజుముక్కల మీద నడిచి వెళ్లి, తల్లిని రెండు చేతులా ఎత్తుకుని, మళ్లీ ఆ గాజు మీదే నడిచి వచ్చాడు.

"అయ్యో, కాళ్లప్పా!"

"అరవొద్దు. అమ్మకు సెప్పొద్దు. తన వల్ల నాకు దెబ్బ తగిలిందని తెలిస్తే అన్నం మానేస్తాది. నీకు తెలీదా?"

రేవతికి తెలుసు. మామగారు చనిపోయిన ఏడాది ఎవరో పరామర్శకు వస్తూ దారిలో బండి మీద నుంచి పడ్డారని, దానికీ తానే కారణమని పస్తు పడుకున్న మనిషి ఆమె. అందుకే అత్తగారికి చీర కట్టబెట్టి, ఆమె లేవకముందే నడవలోని ఎర్రటి అడుగుల్ని గుడ్డతో తుడిచేసింది. మిద్దె మీదికి పోయి భర్త పాదాల్లోంచి గాజుపలుకులు ఏరి, పసుపు అద్ది, గుడ్డ కట్టింది.

ఒంటికి తగిలిన దెబ్బలు ఆ పూటకు అలా సర్దుకున్నాయి. ఇల్లు మాత్రం సర్దుకోలేదు.

మర్నాటి నుంచి సుభద్రమ్మ కొడుకు ఇంట్లో ఉన్నంతసేపూ గదిలోంచి బయటికి రావడం మానేసింది. స్నానం పెరట్లో, బట్టలుతికే బండ దగ్గర, చుట్టూ పాతచీర కట్టించుకుని. అదీ హరినాథ్ మండీకి వెళ్లాడని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాక. హరినాథ్ ఇంకాస్త ముందే బయల్దేరడం మొదలుపెట్టాడు. వచ్చేది తల్లి పడుకున్నాక. ఎప్పుడైనా ఎదురుపడితే ఆమె పైటను రెండు భుజాల మీదుగా లాక్కుని పక్కకు తప్పుకునేది. అతను సెల్లులో ఏదో చూసుకుంటూ వెళ్లిపోయేవాడు. ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరిగేవాడు. చెప్పులతో గడప దాటితే ఊరుకోని సుభద్రమ్మ ఆ చెప్పుల వైపు చూసి, ఒక్క మాట అనకుండా తల తిప్పుకునేది.

రేవతికి ఒకచోట కాలు నిలవలేదు. గాజంతా ఎత్తేశాక కూడా బాత్‌రూము ఊడుస్తూనే ఉంది. ఊడ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక పలుకు తళుక్కుమనేది. నీళ్లు పోయే మోరీ జాలీ కింద ఒకటి, బకెట్టు అడుగున ఒకటి. తలుపు ఉండిన చోట గోడకు రెండు ఉక్కు బందులు మాత్రం మిగిలాయి. తలుపు తెచ్చిపెట్టింది తను. ఇంటిని ఇలా చేసిందీ తనే. మళ్లీ ఒక తలుపు అక్కడ నిలబడితే, అంతా ముందులా కనిపిస్తే, ఈ ఇద్దరూ ముందులా మాట్లాడుకుంటారని ఆమెకు ఎందుకో గట్టిగా అనిపించింది. ఆ ఆలోచన పట్టుకున్నాక మరి వదల్లేదు.

మదనపల్లె అంగళ్లన్నిటికీ ఫోను చేసింది. అందరూ ఒకటే చెప్పారు. అది గట్టిపరిచిన గాజు, ఇక్కడ కొయ్యడానికి కాదు, కొలతిచ్చి బెంగళూరులో చేయించాలి, ఆలస్యమవుతుంది. చివరికి ఉమాశంకర్‌కే చేసింది.

"కుప్పంలో ఒక గోడౌన్‌లో తయారైన తలుపు ఒకటి ఉండాదక్కా" అన్నాడతను. "ఎవురో చేపిచ్చుకొని వద్దన్యారంట. మీ కొలతకు దగ్గరగానే ఉండాది. కానీ సూడకుండా నేను సెప్పలేను."

"అయితే ఈ పొద్దే పోదాం. పుంగనూరులో ఎక్కించుకుంటా."

"ఈ పొద్దేనా? ఆదివారమక్కా!"

"నువ్వు రెడీగా ఉండు."

కారు తాళాలు తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి సుభద్రమ్మ గుడ్డసంచి పట్టుకుని కారు పక్కన నిలబడి ఉంది.

"కుప్పం దాకా పోతాండావంట గదా. నన్ను గుడుపల్లెలో మా చెల్లెలు రంగనాయకమ్మ ఇంట్లో దింపేసి పోమ్మా."

"ఎందుకత్తా ఇప్పుడు?"

"ఊరికే. కొన్నాళ్లుండొస్తా."

సంచి బరువు చూస్తే కొన్నాళ్ల సంచిలా లేదు. కాశీ నుంచి తెచ్చుకున్న చెంబు కూడా అందులో ఉందని మూతి దగ్గర కనిపిస్తోంది. రేవతి హరినాథ్‌కు ఫోను చేసింది. మండీలో గోల. "అమ్మ గుడుపల్లెకు పోతానంటాండాది" అని అరిచి చెప్పింది. "పోనీలే, ఆడైనా నిమ్మళంగా ఉంటాదేమో" అని పెట్టేశాడు.

పుంగనూరు దాకా సుభద్రమ్మ కిటికీ వైపే మొహం తిప్పుకుంది. టమోటా బాక్సులు ఎత్తుకుని ఎదురొచ్చే బండ్లను చూస్తూ కూర్చుంది. పుంగనూరులో ఉమాశంకర్ ముందు సీట్లో ఎక్కాడు. అతని ట్రాలీ ఆటో వెనకే వస్తోంది. ఎక్కడంతోనే మొదలుపెట్టాడు.

"ఆ గాజు అంత సులువుగా పగలదక్కా. బందుల కాడ బిగింపు ఎక్కువైనా పగలొచ్చు, అంచు యాడన్నా దెబ్బ తినింటే పగలొచ్చు. ఒక్కోసారి ఏమీ లేకుండానే పగలతాది. దాని లోపల ఏముంటాదో ఎవురికి తెలుసు?"

"బిగించింది నువ్వే గదప్పా" అంది రేవతి.

"నేనే. అందుకే గదా ఆదివారం పూట వస్తాండా."

రేవతి మనసు ఆ జవాబు మీద లేదు. ఎదురుగా లారీ నెమ్మదిగా పోతోంది, దాటడానికి దారి దొరకడం లేదు. హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. పలమనేరు దాటి, వి.కోట దాటాక గానీ ఆమె వేగం తగ్గించలేదు. గుడుపల్లెకు తర్వాత వెళ్లొచ్చని, ముందు కుప్పం గోడౌన్‌కే పోనిచ్చింది. అత్తగారిని దింపడాన్ని వీలైనంత వెనక్కి నెడుతున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

గోడౌన్ ఊరి చివర, రేకుల షెడ్డు. దాని యజమాని చిన్నస్వామి భోజనం మధ్యలో లేచి వచ్చి, మూలన గోడకు ఆనించి ఉన్న తలుపు మీది అట్టలూ గోనెపట్టలూ తీయించాడు. సుభద్రమ్మ కూడా దిగి వచ్చి చూసింది.

నిండుగా, మచ్చలేకుండా, నిలువెత్తు అద్దం. ఎంత తేటగా ఉందంటే వెనకాల నిలబడిన చిన్నస్వామి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు.

"దీంట్లో నుంచి అంతా కనపడతాదే" అంది సుభద్రమ్మ.

"కాగితం మాదిరి ఒకటి అంటిస్తే కనపడదవ్వా" అన్నాడు ఉమాశంకర్. "మీ ముందుదానికీ అట్లనే అంటించింటి గదా."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత షెడ్డు బయటికి వెళ్లిపోయింది.

ఉమాశంకర్ టేపు పెట్టి నిలువు కొలిచాడు, అడ్డం కొలిచాడు, బందుల కోసం తొలిచిన బెజ్జాల మీద వేలు తిప్పాడు. "వెడల్పు ఒక వేలు తక్కువ. గోడవైపు పట్టీ ఏస్తే సరిపోతాది. ఎత్తించమంటారా?"

ఎత్తించు అనే మాట రేవతి నాలుక మీదికి వచ్చేసింది. ఎందుకో బయటికి చూసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, సిమెంటు మూటల మీద కూర్చుని ఉంది సుభద్రమ్మ. ఆ ఉక్కలో కూడా పైటను రెండు భుజాల మీదుగా లాగి, మెడ దాకా బిగించి పట్టుకుని ఉంది. చలిలో వణికే మనిషి కూడా అంత గట్టిగా కప్పుకోదు.

"ఉండప్పా, ఇప్పుడే వస్తా" అని రేవతి బయటికి నడిచింది.

పక్కన కూర్చుంటే మూట వేడిగా తగిలింది. "అత్తా, నీకిష్టం లేకపోతే ఈ తలుపు వద్దు."

"తలుపు ఏం చేసిందమ్మా? పెట్టుకోండి."

"మరి గుడుపల్లెకు యాల పోతానంటాండావు?"

సుభద్రమ్మ నేల వైపు చూస్తూ చెప్పింది.

"వాన్ని పుట్టినప్పట్నుంచి నేను సూసినా. కడిగినా, తుడిసినా. అది తల్లి చేసే పని. వాడు నన్ను అట్లా సూడకూడదు గదమ్మా. సూసినాడు. ఆ పొద్దు నుంచి వాడు నా పక్క తిరిగి ఒక్క మాటన్నా మాట్లాడినాడా? నా మొగం సూడాలంటేనే వానికి రోతగా ఉండాది. నా ఎదురుగానే సెప్పులేసుకొని టకటకమని తిరగతాండాడు. ఎప్పుడన్నా ఆ పని చేసినాడా? ఈ ముసల్ది ఏమనుకుంటే ఏమిలే అని గదా? కన్నకొడుకుతో ఏమని అడిగేది? ఈ మాట నోట్లో నుంచి ఎట్లొస్తాది?"

భర్తకిచ్చిన మాట ఒకవైపు, ఈ మనిషి ఒకవైపు. ఇన్నాళ్లూ ఆ మాటను కడుపులో దాచుకునే కదా తాను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

"అత్తా, ఆయన పొగరుతో చెప్పులేసుకోవడం లేదు. నేల మీద కాలు పెట్టలేక ఏసుకుంటాండాడు."

"ఏమన్యావు?"

"ఆ పొద్దు నిన్ను ఎత్తుకొచ్చింది ఉత్తకాళ్లతో. రెండు పాదాలూ కోసుకుపోయినాయి. నేనే గాజుపలుకులు తీసినా. నీకు తెలిస్తే కూడు మానేస్తావని సెప్పొద్దన్యాడు. కుంటేది నువ్వు సూస్తావనే నీ కంట పడకుండా తిరగతాండాడు."

సుభద్రమ్మ పైటను పట్టుకున్న చేతులు వదులయ్యాయి. మొహంలో మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత కోపం వచ్చింది. అది అలాంటిలాంటి కోపం కాదు.

"ఇన్ని దినాలు! ఇన్ని దినాలు ఇంట్లో పెట్టుకొని నాకు సెప్పకుండా ఉంటివా? నువ్వొక కోడలివి, వాడొక కొడుకు! టిటి ఇంజెక్షన్ ఏపిచ్చినావా?"

"ఏసుకున్యాడు. డాక్టరుకు సూపిచ్చుకోమంటే మాత్రం వినడం లేదు. ఎడమకాల్లో ఇంగా ఒక ముక్క ఉండాదని నాకు అనుమానం."

"లెయ్. కారు తియ్."

"గుడుపల్లెకా?"

"గుడుపల్లెలో నాకేం పని? ఇంటికి!"

చిన్నస్వామి ముఖం మాడ్చుకుని గోనెపట్టలు మళ్లీ కప్పించాడు. ట్రాలీ ఆటో ఖాళీగా వెనక్కి తిరిగింది. ఉమాశంకర్ నిరాశ దాచుకోలేదు. "అంత దూరం నుంచి వచ్చి..." అని గొణుగుతూ ముందు సీటు తెరవబోతే, అప్పటికే అందులో సుభద్రమ్మ కూర్చుని ఉంది. అతను వెనక సీట్లో, ఆమె సంచి పక్కన కూర్చున్నాడు.

కుప్పం వచ్చేటప్పుడు రేవతిది తొందర. పోయేటప్పుడు సుభద్రమ్మది. "ఆ బస్సును దాటు", "ఈడ గుంత సూడు", "ఇంగా ఎంత దూరం?" అంటూనే ఉంది. రామకుప్పం మలుపులు దాటుతుండగా ముందర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. అటవీశాఖ మనుషులు కర్రలు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. అడవిలోంచి ఏనుగులు దిగి రోడ్డు పక్క రాగి చేలో ఉన్నాయట, అవి దాటేదాకా ఎవరూ కదలకూడదట.

కాసేపు కూర్చుంది సుభద్రమ్మ. తర్వాత అద్దం దించి తల బయటపెట్టింది. తర్వాత తలుపు తెరిచింది. ఉమాశంకర్ కంగారుపడి, "అవ్వా, దిగొద్దు! ఆ పక్కనే ఉండాయంట!" అన్నాడు.

"ఉండనీప్పా. తినేసి బిన్నా, తొందరగా పోవచ్చు గదా!"

"ఫోను చెయ్ అత్తా, మాట్లాడు" అని రేవతి సెల్లు అందించింది. సుభద్రమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, కొడుకు బొమ్మ కనిపించే తెరను చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఫోన్లో మాట్లాడే మాటనా ఇది?"

దూరంగా టపాకాయల చప్పుడు వినిపించింది. రాగి చేను అవతల బూడిదరంగు వీపులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదిలి, చెట్లలోకి పోయాయి. వెనకెక్కడో తొక్కుడు పడిన చేను తాలూకు మనిషి గట్టిగా తిట్టుకుంటున్నాడు. కర్రలు పక్కకు జరగ్గానే రేవతి కారును ముందుకు దూకించింది.

పుంగనూరులో ఉమాశంకర్ దిగుతానన్నా సుభద్రమ్మ కారు ఆపనివ్వలేదు. మదనపల్లె చేరేసరికి వీధి లైట్లు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. తల్లి గుడుపల్లెలో ఉందనే ధైర్యంతో కాబోలు, హరినాథ్ చెప్పులు విప్పేసి, వాకిలి మెట్టు మీద కూర్చుని ఎడమపాదాన్ని తొడ మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు. కారు ఆగింది. ముందు సీట్లోంచి తల్లి దిగడం చూసి, చటుక్కున కాలు దించి చెప్పులో దూర్చబోయాడు. మొహం నొప్పితో వంకర పోయింది.

"తియ్యి ఆ సెప్పు" అంది సుభద్రమ్మ.

"ఏమీ లేదుమా. నువ్వు గుడుపల్లెకు..."

"కాలు ఇట్లా పెట్టు అంటాండా!"

ఆమె మోకాళ్ల నొప్పిని కూడా లెక్కచేయకుండా కింది మెట్టు మీద కూర్చుంది. అతని మడమను లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. గుడ్డ విప్పింది. పాదం వాచి ఉంది. కొన్ని గాట్లు మాని నల్లబడ్డాయి, మడమ దగ్గరిది మాత్రం ఇంకా ఎర్రగా ఉబ్బి ఉంది. చూస్తూ చూస్తూ ఆమె కింది పెదవి అదిరింది. ఏడుస్తుందని రేవతి అనుకుంది. ఏడవలేదు.

హరినాథ్ వీధి వైపు చూస్తూ, ఎవరికీ కానట్టు అన్నాడు.

"నేను సూడలేదుమా. కండ్లు మూసుకొనే లోపలికొచ్చినా. తువ్వాలు సుట్టేదాకా కండ్లు తెరవలేదు. అందుకే గాజు యాడుండాదో తెలీక తొక్కేసినా."

ఉమాశంకర్ కారు దగ్గరే నిలబడి, ఇటు రావాలో పోవాలో తెలియక సెల్లు నొక్కుకుంటున్నాడు.

కండ్లు మూసుకుని గడియ ఊడగొట్టి, కండ్లు మూసుకుని నీళ్లలో జారకుండా నడిచి, తడుముకోకుండా తువ్వాలు చుట్టాడా? రేవతికి తెలియదు. ఆ మాట నిజమో, ఈ మెట్టు మీద ఇప్పుడే పుట్టిందో ఆమె ఎప్పుడూ అడగలేదు. సుభద్రమ్మ మాత్రం తలెత్తి కొడుకు మొహంలోకి చూసింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నేరుగా చూసింది. చూసి, అతని మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది.

"కండ్లు మూసుకొని గాజు మీద నడిసేవాడు యాడన్నా ఉంటాడంట్రా, తిక్కోడా! లెయ్. ఆస్పత్రికి పోదాం పా."

"రేపు పోదాంలేమా."

"రేపు లేదు, మాపు లేదు. రేవతీ, కారు యాల ఆపేసినావు? ఏమప్పా ఉమాశంకరా, వాని ఆ పక్క భుజం పట్టుకో."

నర్సింగ్ హోములో మడమను కొద్దిగా కోసి, బియ్యపుగింజంత ముక్కను బయటికి తీశారు. తీసేంతసేపూ సుభద్రమ్మ కొడుకు తల దగ్గరే నిలబడి, అతను అరిచినప్పుడల్లా "అరువురా, అరువు, బాగా అరువు" అంది. ఆ కోపం ఇల్లు చేరాక కూడా తగ్గలేదు. కొడుకు అన్నం తినడం అయ్యేదాకా పక్కనే కూర్చుని తిడుతూనే ఉంది. అతను తలవంచుకుని తిన్నాడు. మరోసారి వడ్డించమని అడిగాడు కూడా.

తర్వాతి వారం ఉమాశంకర్ వచ్చి గోడకున్న ఉక్కు బందుల్ని ఊడదీశాడు. ఆ బెజ్జాలకు తెల్ల సిమెంటు పూసి, అడ్డంగా ఒక స్టీలు కడ్డీ బిగించి, రేవతి కొనుక్కొచ్చిన మందపాటి ప్లాస్టిక్ తెరను రింగులకు వేలాడదీశాడు. నీలం రంగు మీద తెల్ల పువ్వులు. నీళ్లు కాస్త బయటికి చిందుతాయని ముందే చెప్పి పోయాడు. ఊడిన గడియ స్థానంలో కొత్తది పెడతానంటే సుభద్రమ్మే వద్దంది.

ఆ మర్నాడు ఆమె పాతచీర కట్టిన పెరటి వైపు పోకుండా, తువ్వాలు భుజాన వేసుకుని బాత్‌రూము గుమ్మం దగ్గర ఆగింది. హరినాథ్ హాల్లో కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని మండీ వాళ్లతో ఫోన్లో ధరలు మాట్లాడుతున్నాడు. ఆమె అతని వైపు చూసింది, పైట సర్దుకోలేదు. తర్వాత రేవతిని పిలిచింది.

"నువ్వు ఈడ కూచో."

రేవతి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తలుపు బయట కూర్చుంది. తలుపు ఓరగా ఉంది. లోపల తెర రింగులు కడ్డీ మీద గరగరమన్నాయి. నీళ్లు పడిన చప్పుడు మొదలైంది. రేవతి చెవులు రిక్కించుకుంది. ఒకసారి లోపల చెంబు కింద పడింది. సగం లేచి మళ్లీ కూర్చుంది. వంటింట్లో పాలు పొయ్యి మీద ఉన్నాయని గుర్తొచ్చింది, అయినా కదల్లేదు.

"రేవతీ! ఉండావా?"

"ఉండానత్తా."

"పోయినావేమో అనుకుంటి."

"యాడికీ పోలేదు."

నీళ్లు పడుతూనే ఉన్నాయి. వంటింట్లోంచి పాలు పొంగిన వాసన వచ్చింది. హాల్లోంచి హరినాథ్ "ఏమే, పాలు!" అని అరిచి, ఆమె కదలకపోవడం చూసి, తనే ఒంటికాలి మీద గెంతుకుంటూ వంటింటి వైపు పోయాడు.